పక్క పాత్రల వైపు నుంచి

చేతన్ భగత్ నవలలు చదివామని నలుగురిలో చెప్పాల్సి వస్తే సాహిత్యాభిమానులు కొంచెం నీళ్ళు నములుతారు. రైల్లో కాలక్షేపానికి చదివామనో, పిల్లలు కొని ఇంట్లో పడేస్తే ఊరికే తిరగేశామనో ఒక సంజాయిషీ జతచేస్తారు. నాకు ఆ మొహమాటం లేదు. గడిచిన ఇరవై ఏళ్ళలో మన దేశంలో, ముఖ్యంగా ఇంగ్లీషులో, వచ్చిన జనాదరణ నవలలనూ, వాటి పక్కనే అంతకంతకూ పెరిగిన ఆత్మకథలనూ జ్ఞాపకాల పుస్తకాలనూ కొన్నిటిని కొని చదివాను, కొన్నిటిని అరువు తెచ్చుకుని చదివాను, మరికొన్నిటిని సగంలో వదిలేశాను. వాటి మీద నాకు గౌరవమూ ఉంది, ఫిర్యాదూ ఉంది. అయితే నా ఫిర్యాదు అందరూ చేసే ఫిర్యాదు కాదు.

అందరూ అనేదేమిటంటే, ఆ భాషలో పస లేదని, ఆ కథలు సినిమావాళ్ళకు అమ్ముకోవడానికి అల్లినట్టు ఉంటాయని. ఆ మాటల్లో కొంత నిజం లేకపోలేదు. కానీ 2004లో రూపా సంస్థ చేతన్ భగత్ 'ఫైవ్ పాయింట్ సమ్‌వన్' నవలను 95 రూపాయలకు అమ్మినప్పుడు ఆ ధరా, ఆ సులువైన వాక్యమూ కలిసి చేసిన పని చిన్నది కాదు. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి, ఇంటర్మీడియట్‌లో ఒక్కసారిగా ఇంగ్లీషులో పడి, ఇంజనీరింగు కాలేజీ హాస్టల్లో చేరిన పిల్లలకు అంతవరకూ ఇంగ్లీషు పుస్తకమంటే పాఠ్యపుస్తకమూ, దాని గైడూ మాత్రమే. అలాంటి పిల్లల్లో చాలామంది నిఘంటువు తెరవకుండా మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా పూర్తిచేసిన మొదటి ఇంగ్లీషు పుస్తకం ఇలాంటిదే. ఆ సంతోషాన్ని చిన్నచూపు చూసేవాళ్ళు మన ఇళ్ళ చరిత్రను ఒకసారి గుర్తు తెచ్చుకోవాలి. యద్దనపూడి సులోచనారాణి, యండమూరి వీరేంద్రనాథ్, మల్లాది వెంకటకృష్ణమూర్తి సీరియళ్ళు వారపత్రికల్లో వస్తున్న రోజుల్లో, పక్కింటివాళ్ళ చేతికి వెళ్ళకముందే పత్రికను దాచుకుని చదివిన ఆడవాళ్ళను కూడా అప్పటి పెద్దలు ఇలాగే ఈసడించారు. ఆ చదువరులే తర్వాత రంగనాయకమ్మను చదివారు, ఓల్గాను చదివారు. చదివే అలవాటు ఏ గుమ్మంలోంచి ఇంట్లోకి వచ్చిందన్నది నాకు పెద్ద విషయం కాదు.

నా ఫిర్యాదు మరో చోట ఉంది. ఈ పుస్తకాల్లో చాలావాటిలో కథ చెప్పే మనిషికి తప్ప మరెవరికీ లోపలి మనసంటూ ఉండదు. అతను పరీక్ష తప్పితే ప్రపంచం కూలిపోతుంది, అతనికి ఉద్యోగం వస్తే సూర్యుడు ఉదయిస్తాడు. తల్లి అన్నం పెట్టడానికీ, తండ్రి అడ్డుపడటానికీ, స్నేహితుడు నవ్వించడానికీ, అమ్మాయి చివర్లో దక్కడానికీ వస్తారు. వచ్చిన పని అయిపోగానే పేజీలోంచి తప్పుకుంటారు. ఆత్మకథల్లో కూడా సరిగ్గా ఇదే జరుగుతోంది, పైగా అక్కడ తప్పుకునేవాళ్ళు నిజంగా బతికిన మనుషులు. అందుకని ఒక జనాదరణ నవలనైనా, ఒక ప్రముఖుడి ఆత్మకథనైనా చదివేటప్పుడు నేను నాయకుణ్ణి వదిలేసి అతని పక్కన నిలబడ్డవాళ్ళ మీద దృష్టి పెడతాను. వాళ్ళు బతికి ఉంటే పుస్తకం బతికినట్టే. నిజానికి ఈ చూపు నాకు మా అమ్మ దగ్గర అబ్బింది. ఒక ప్రసిద్ధుడి ఆత్మకథను ఎంతో శ్రద్ధగా పూర్తిచేసి, కళ్ళజోడు తీసి పక్కన పెట్టి, "ఈయన రాత్రింబవళ్ళు అంత కష్టపడ్డాడు సరే, అన్నాళ్ళూ ఇంట్లో వంటెవరు చేశారట?" అని అడిగింది. ఆ పుస్తకంలో దానికి జవాబు లేదు.

మళ్ళీ 'ఫైవ్ పాయింట్ సమ్‌వన్' దగ్గరకే వద్దాం. ఢిల్లీ ఐఐటీలో చేరిన హరి, ర్యాన్, ఆలోక్ అనే ముగ్గురు కుర్రాళ్ళ అల్లరిగా దాన్ని అందరూ గుర్తుపెట్టుకున్నారు. నాకు మాత్రం అందులో మిగిలిపోయింది ఆలోక్ ఇల్లు. పక్షవాతంతో మంచం పట్టిన తండ్రి, బడిలో పాఠాలు చెప్పి ఇంటిని లాక్కొస్తున్న తల్లి, పెళ్ళి కావలసిన అక్క, కొడుకు డిగ్రీ మీద పెట్టుకున్న ఆశలన్నీ ఒకే గదిలో ఊపిరాడకుండా కూర్చుంటాయి. రచయిత అక్కడ ఎక్కువసేపు ఉండడు. ఉన్న కాసేపట్లోనే ఆలోక్ ఎందుకు భయస్థుడో, ర్యాన్ తెగింపు అతనికి ఎందుకు విలాసంగా కనిపిస్తుందో మనకు అర్థమైపోతుంది. డబ్బున్న ఇంటి పిల్లవాడు మార్కుల్ని లెక్కచేయకపోవడం ఒకటి, తండ్రి మందులకు వెతుక్కునే ఇంటి పిల్లవాడు లెక్కచేయకపోవడం మరొకటి. ఈ తేడాను ఆ నవల సూటిగానే పట్టుకుంది. 2009లో ఆ నవల ఆధారంగా '3 ఇడియట్స్' సినిమా తీసినప్పుడు ఆ ఇంటిని పాతకాలపు నలుపు-తెలుపు సినిమాలా చూపించి హాస్యం చేశారు. ప్రేక్షకులు బాగా నవ్వారు. నేనూ నవ్వాను గాని, నవలలో ఉన్న ఒకే ఒక్క నిజమైన గదిని సినిమా పరిహాసానికి వాడుకుందనే అసంతృప్తి మాత్రం పోలేదు.

అదే నవలలో ప్రొఫెసర్ కూతురు నేహా ఉంది. ఐఐటీలో సీటు రాక, తండ్రి మాట భరించలేక రైలు పట్టాల మీద చనిపోయిన అన్న రాసిన ఉత్తరాన్ని ఆమె దాచుకుంటుంది. ఇంత బరువైన రహస్యాన్ని మోస్తున్న అమ్మాయి నిజానికి ఆ నవలకు కేంద్రం కావాల్సిన మనిషి. కానీ ఆమె అక్కడ హరికి దొరికే ప్రేయసి మాత్రమే. ఆ ఉత్తరం కూడా ప్రొఫెసరు గారి మనసు కరిగించడానికే ఉపయోగపడుతుంది. అన్న పోయిన ఇంట్లో, ఆ తండ్రి ఎదురుగా రోజూ భోజనానికి కూర్చోవడం ఆ అమ్మాయికి ఎలా ఉండేదో ఒక్క పేజీ రాసి ఉంటే ఆ నవల స్థాయే వేరుగా ఉండేది. 2016లో వచ్చిన 'వన్ ఇండియన్ గర్ల్'లో చేతన్ భగత్ కథను ఒక స్త్రీ నోట చెప్పించాడు గాని, ఆ రాధికా మెహతా జీవించడం కంటే తనను తాను వివరించుకోవడం మీదే ఎక్కువ శ్రమ పెట్టినట్టు నాకు అనిపించింది. ఆడదాని గొంతు అరువు తెచ్చుకున్నంత మాత్రాన ఆమె లోకం వెంట రాదు.

అయితే న్యాయం చెప్పాలంటే ఆయన రాసినవాటిలో '2 స్టేట్స్' (2009) దగ్గర నేను ఆగిపోతాను. పంజాబీ అబ్బాయి, తమిళ అమ్మాయి, రెండు కుటుంబాలు, చివరికి పెళ్ళి. తన సొంత పెళ్ళి అనుభవమే దానికి ఆధారం, పుస్తకాన్ని అంకితమిచ్చింది కూడా అత్తమామలకే. ఆ హాస్యమంతా ఒక ఎత్తు, అబ్బాయి తండ్రి ఒక ఎత్తు. కొడుకుతో మాటలు లేని, భార్యను బాధపెట్టిన ఆ మనిషి ఎవరికీ చెప్పకుండా చెన్నై వెళ్ళి అమ్మాయి తల్లిదండ్రులతో మాట్లాడి వస్తాడు. ఆ సంగతి కొడుక్కి తర్వాత గాని తెలియదు. కథ చెబుతున్నవాడి చూపు పడని చోట, అతని ప్రమేయం లేకుండా, ఒక పక్క పాత్ర తనంతట తానుగా ఒక పని చేసింది. జనాదరణ నవల ఇలాంటి పని చేయగలదు. చేయగలిగీ ఎక్కువసార్లు చేయకపోవడమే నా బాధ.

'నిజంగా జరిగిన కథ' అనే ముద్ర ఈ నవలలకు మంచి వ్యాపార సూత్రమైంది. రవీందర్ సింగ్ 2008లో రాసిన 'ఐ టూ హ్యాడ్ ఎ లవ్ స్టోరీ' దీనికి పెద్ద ఉదాహరణ. పెళ్ళి సంబంధాల వెబ్‌సైటులో పరిచయమై, నిశ్చితార్థానికి ముందే చనిపోయిన అమ్మాయిని తలుచుకుంటూ రాసిన ఆ పుస్తకం వెనుక ఉన్న దుఃఖం నిజమైనది, దాన్ని తూకం వేసే హక్కు నాకు లేదు. కానీ పుస్తకంగా చూసినప్పుడు ఆ అమ్మాయి మంచితనం తప్ప మరేమీ మనకు తెలియదు. ఆమెకు కోపం వచ్చేదా, ఇంట్లో ఎవరితో పడేది కాదు, ఏ విషయంలో మొండికేసేది అన్నవి లేకుండా పోయాక, మనం ఏడ్చేది ఆమె కోసం కాదు, ఆమెను పోగొట్టుకున్న అతని కోసం. ఆ పుస్తకం విజయం చూసి చివర్లో అమ్మాయి చనిపోయే ప్రేమకథలు వరసగా వచ్చిపడ్డాయి. వాటిలో ఆ మొదటి దుఃఖం కూడా లేదు, పాఠకుడి కన్నీళ్ళ మీద లెక్క మాత్రమే ఉంది.

పురాణ నవలల సంగతి కొంచెం భిన్నం. 2010లో 'ద ఇమ్మోర్టల్స్ ఆఫ్ మెలూహా'తో అమీష్ త్రిపాఠీ మొదలుపెట్టిన గాలిలో నాకు నచ్చనివి చాలా ఉన్నాయి. దేవతలు కార్పొరేటు ఆఫీసులో మాట్లాడుకున్నట్టు మాట్లాడతారు, ప్రతి శాస్త్రానికీ ఒక ఉపన్యాసం ఉంటుంది. కానీ శివుడి కథగా సాగే ఆ మూడు నవలల ఇరుసు మాత్రం పక్కకు నెట్టివేయబడ్డ మనుషులే. పూర్వజన్మ పాపం మోస్తున్నారని ముట్టుకోకుండా ఉంచిన వికర్మలున్నారు. అంగవైకల్యంతో పుట్టినందుకు దేశం నుంచే వెలివేసిన నాగులున్నారు. మొదటి భాగంలో ముసుగు వేసుకున్న దుర్మార్గులుగా కనిపించిన ఈ నాగులే రెండో భాగంలో రాచకుటుంబం దాచిపెట్టిన సొంత బిడ్డలని తేలుతుంది. సతికి చనిపోయాడని చెప్పిన కొడుకు, ఉన్నదని కూడా చెప్పని కవల చెల్లెలు ఎదుట నిలబడే ఘట్టంలో ఆ వాక్యాలు ఎంత సాదాగా ఉన్నా పట్టు మాత్రం వదలదు. 2012లో ఆనంద్ నీలకంఠన్ రాసిన 'అసుర' ఇంకో అడుగు ముందుకేసి, కథలో సగం రావణుడికీ, సగం భద్రుడనే సామాన్యుడికీ పంచింది. రాజు గెలిచినా ఓడినా తన పూట గడవడం దగ్గరే ఉండిపోయే ఆ భద్రుడి వల్ల, రావణుడి గొప్ప మాటలన్నీ రెండో చెవితో వినడం మనకు అలవాటవుతుంది.

ఇది ఏదో ఇంగ్లీషు నవల కనిపెట్టిన కొత్త విద్య అనుకుంటే తెలుగువాళ్ళుగా మనకు చిన్నతనం. శంబుకుడి వైపు నుంచి త్రిపురనేని రామస్వామి చౌదరి 'శంబుక వధ' రాసి వందేళ్ళు దాటింది. ఓల్గా 'విముక్త' కథల్లో సీత ఒక్కొక్కరినే కలుస్తూ పోతుంది: శూర్పణఖను, అహల్యను, రేణుకను, ఊర్మిళను. ఒక మహాకావ్యంలో తలా నాలుగు శ్లోకాలు దక్కిన ఆడవాళ్ళు అక్కడ తీరిగ్గా కూర్చుని మాట్లాడతారు. 2015లో దానికి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. అమీష్ నవలలు కొన్న ఇళ్ళలో ఇది కూడా ఉంటే బాగుండునని అనుకోవడం నా అత్యాశ కావచ్చు.

ఇక ఆత్మకథలు. మన పుస్తకాల షాపుల్లో నవలల అరతో పోటీగా పెరిగింది ఈ అర. క్రికెటర్లు, సినిమా తారలు, కంపెనీ అధిపతులు, పదవీవిరమణ చేసిన అధికారులు అందరూ రాస్తున్నారు, కాదు, రాయిస్తున్నారు. దాన్ని నేను తప్పుపట్టను. సచిన్ టెండూల్కర్ 2014లో వెలువరించిన 'ప్లేయింగ్ ఇట్ మై వే' మీద బోరియా మజుందార్ పేరుంది, వి.వి.ఎస్. లక్ష్మణ్ 2018 నాటి '281 అండ్ బియాండ్' మీద ఆర్. కౌశిక్ పేరుంది, సానియా మీర్జా 'ఏస్ అగైనెస్ట్ ఆడ్స్' (2016) మీద శివానీ గుప్తాతో పాటు ఆమె తండ్రి ఇమ్రాన్ మీర్జా పేరు కూడా ఉంది. కలం పట్టినవాడి పేరు అట్ట మీద వేయడం మర్యాద. చిక్కల్లా ఆ అలవాటైన మూసలో ఉంది. బీదతనమో, అవమానమో, గాయమో మొదటి అధ్యాయం, ఒక గురువు, ఒక పతనం, మళ్ళీ లేవడం, చివర్లో కృతజ్ఞతలు. టెండూల్కర్ పుస్తకంలో ప్రతి ఇన్నింగ్స్ ఉంది గాని, ఆయన ఆడిన కాలంలోనే భారత క్రికెట్‌ను కుదిపేసిన మ్యాచ్ ఫిక్సింగ్ వ్యవహారం గురించి పెదవి విప్పలేదని చాలామంది సమీక్షకులు ఎత్తిచూపారు. అంత దగ్గరగా నిలబడ్డ మనిషి ఏమి చూశాడో చెప్పకపోతే స్కోరు బోర్డు చాలు, ఆత్మకథ ఎందుకు?

ఈ రకం పుస్తకాల్లో అన్నిటికంటే ఎక్కువ ప్రేమ పొందినది ఏ.పి.జె. అబ్దుల్ కలాం 'వింగ్స్ ఆఫ్ ఫైర్'. అరుణ్ తివారీ సాయంతో రాసిన ఈ పుస్తకాన్ని 1999లో హైదరాబాదులోని యూనివర్సిటీస్ ప్రెస్ వేసింది. వాడ్రేవు చినవీరభద్రుడు తెలుగులో 'ఒక విజేత ఆత్మకథ'గా అనువదించారు. పాఠశాల బహుమతి ప్రదానాల్లో ఇది చేతికి రాని పిల్లలు తక్కువ. దాని మొదటి అధ్యాయాల్లో పక్క పాత్రలు దీపాల్లా వెలుగుతాయి. సైన్సు మాస్టారు శివసుబ్రహ్మణ్య అయ్యర్ కుర్రవాణ్ణి భోజనానికి పిలుస్తాడు. ఆయన భార్య తన వంటింట్లో ముస్లిం పిల్లవాడికి వడ్డించడానికి ఒప్పుకోదు. ఆయన తానే వడ్డించి, పక్కనే కూర్చుని తిని, వచ్చే వారం కూడా రమ్మంటాడు. ఆ వచ్చే వారం ఆమే వంటింట్లోకి తీసుకెళ్ళి వడ్డిస్తుంది. అందరూ అయ్యర్‌ గారి గొప్పతనం గురించి చెబుతారు. నాకు ఆ ఇల్లాలి గురించి తెలుసుకోవాలని ఉంటుంది. ఒక వారంలో ఆ మనిషిలో ఏం జరిగింది? భర్త ఒత్తిడి చేశాడా, తలుపు చాటు నుంచి ఆ పిల్లవాడు తినే తీరు చూసి తనే మారిందా? ఆమె పేరు కూడా అక్కడ లేదు. అలాగే మద్రాసులో ఇంజనీరింగు చేరడానికి డబ్బు లేనప్పుడు అక్క జొహ్రా తన బంగారు గాజులూ గొలుసూ తాకట్టు పెడుతుంది. తన సంపాదనతో వాటిని విడిపించాలని ఆయన నిశ్చయించుకుంటాడు. ఆ ఋణాన్ని రాసిపెట్టినందుకు కలాం మీద నాకు గౌరవం. అక్కడి నుంచి పుస్తకం రాకెట్ల వెంట, సంస్థల వెంట, తేదీల వెంట వెళ్ళిపోయి, రామేశ్వరంలో మొదలైన ఆ మనుషుల సందడి క్రమంగా పలచబడిపోయినందుకు విచారం.

పక్క పాత్రలు ఊరుకోని సందర్భం కూడా ఒకటి జరిగింది. 2017లో నటుడు నవాజుద్దీన్ సిద్దిఖీ ఆత్మకథ 'యాన్ ఆర్డినరీ లైఫ్' విడుదల సమయంలో, అందులో తమతో సంబంధాల గురించి రాసిన తీరు మీద ఇద్దరు మహిళలు బహిరంగంగా అభ్యంతరం చెప్పారు. ఆయన క్షమాపణ చెప్పి పుస్తకాన్ని వెనక్కి తీసుకున్నాడు. దాపరికం లేకుండా రాయడం ఆత్మకథకు గుణమని మనం అంటాం. కానీ తన గుట్టు తాను విప్పుకోవడం వేరు, ఎదుటివాళ్ళ గుట్టును వాళ్ళను అడగకుండా తన నిజాయితీకి సాక్ష్యంగా వాడుకోవడం వేరు. ఆ పుస్తకం నిషేధించాల్సినదేమీ కాదు. రాసేటప్పుడే ఆ స్త్రీలను మనుషులుగా తలుచుకుని ఉంటే ఆ వాక్యాలు మరోలా ఉండేవి.

ఇంతకూ ఈ కాలంలో నేను చదివిన జ్ఞాపకాల పుస్తకాల్లో నన్ను కదిలించినవి దాదాపు అన్నీ వేరొకరి కథలో పక్క పాత్రలుగా మిగిలిపోవలసిన మనుషులు రాసినవే. ఆ దృష్టితో చూస్తే మన తెలుగు నేల మీదనుంచే రెండు పుస్తకాలు ఒకదాని పక్కన ఒకటి పెట్టి చదవదగ్గవి ఉన్నాయి. 1980లో పీపుల్స్‌వార్ పార్టీని స్థాపించినవాళ్ళలో ఇద్దరు కొండపల్లి సీతారామయ్య, కె.జి. సత్యమూర్తి. ఇద్దరి గురించీ రాజకీయ చరిత్రల్లో బోలెడంత ఉంది. ఆ ఇద్దరిలో ఒకరి ఇంటిని భార్య చెప్పింది, మరొకరి ఇంటిని మేనకోడలు చెప్పింది.

కొండపల్లి కోటేశ్వరమ్మ 'నిర్జన వారధి'ని హైదరాబాద్ బుక్ ట్రస్ట్ 2012లో ప్రచురించింది. అప్పటికి ఆమెకు తొంభై దాటాయి. బాల్యంలోనే పెళ్ళి, బాల్యంలోనే వైధవ్యం, ఆ కాలంలో సాహసమైన పునర్వివాహం, కమ్యూనిస్టు పార్టీ పాటలు, నగలు పార్టీకి ఇచ్చేయడం, అజ్ఞాతవాసం, ఆ తర్వాత భర్త ఆమెను వదిలి వేరే జీవితం చూసుకోవడం. ఇక్కడిదాకా చదివితే ఇది ఒక నాయకుడి జీవితానికి అనుబంధం అనిపించవచ్చు. అసలు పుస్తకం ఆ తర్వాతే మొదలవుతుంది. ముప్పై దాటిన వయసులో హైదరాబాదు వెళ్ళి ఆంధ్ర మహిళా సభలో చిన్నపిల్లల మధ్య కూర్చుని మెట్రిక్‌ చదవడం, కాకినాడలో మహిళా పాలిటెక్నిక్ హాస్టల్లో మేట్రన్ ఉద్యోగం, వచ్చిన జీతంతో బతుకును నిలబెట్టుకోవడం. కొడుకు ఉద్యమంలో పోయాడు. డాక్టరైన కూతురు, భర్త హఠాత్తుగా పోయాక, తన ప్రాణం తానే తీసుకుంది. ఇంత జరిగినా ఆమె వాక్యం గొంతు పెంచదు. తనను వదిలిన మనిషి పట్ల ద్వేషాన్ని కూడబెట్టదు, అలాగని క్షమించేశానన్న గొప్పతనాన్నీ ప్రదర్శించదు. ఆమె పుస్తకంలో పార్టీ సభ్యులు, హాస్టలు పిల్లలు, ఆదుకున్న స్నేహితులు, తల్లి అందరూ పేర్లతో, మాటలతో ఉన్నారు. తన కథను చెబుతూ ఇంతమందికి చోటివ్వడం నేను ఏ క్రికెటర్ ఆత్మకథలోనూ చూడలేదు. వి.బి. సౌమ్య దాన్ని ఇంగ్లీషులోకి 'ద షార్ప్ నైఫ్ ఆఫ్ మెమరీ'గా అనువదించారు. 2018లో నూరేళ్ళ వయసులో విశాఖపట్నంలో ఆమె కన్నుమూశారు.

రెండోది గిడ్ల సుజాత 2017లో ఇంగ్లీషులో రాసిన 'యాంట్స్ అమాంగ్ ఎలిఫెంట్స్'. కాకినాడలో దళితుల పేటలో పెరిగి, వరంగల్ రీజనల్ ఇంజనీరింగు కాలేజీలో చదివి, న్యూయార్క్ సబ్‌వేలో కండక్టరుగా పనిచేస్తున్న రచయిత్రి తన గురించి చెప్పుకున్నది చాలా తక్కువ. మేనమామ సత్యమూర్తితో, తల్లి మంజులతో గంటల తరబడి మాట్లాడి రికార్డు చేసుకున్నదంతా ఆ పుస్తకానికి ముడిసరుకు. శివసాగర్ పేరుతో కవిగా మనకు తెలిసిన ఆ మేనమామ ఆమెకు వీరుడే. పార్టీలో దళిత కార్యకర్తల చేత ఊడ్చే పనులు, ఉతికే పనులు చేయిస్తున్నారన్న ప్రశ్న లేవదీసినందుకు ఆయన వెలికి గురయ్యాడని ఆమె గర్వంగానూ కోపంగానూ రాసింది. కానీ అదే చేత్తో, ఆ వీరుడు ప్రపంచాన్ని మార్చడానికి తిరుగుతున్నన్నాళ్ళూ ఇంటి బరువు ఏ ఆడవాళ్ళ మెడల మీద పడిందో కూడా రాసింది. పుస్తకం సగం దాటాక కథ మెల్లగా మంజుల వైపు తిరుగుతుంది. బెనారస్ హిందూ విశ్వవిద్యాలయం దాకా వెళ్ళి ఎమ్మే చదివిన అమ్మాయి, అన్నలు కుదిర్చిన పెళ్ళి, అత్తవారింటి బాధ, ఊరూరా తాత్కాలిక లెక్చరరు ఉద్యోగాలు, చంకలో పిల్లలు. ఉద్యమ చరిత్రలో ఒక్క వాక్యం దక్కని ఈ మనిషి దగ్గరే ఆ పుస్తకం వేడెక్కుతుంది. మా అమ్మ అడిగిన ప్రశ్నకు నేను చదివినవాటిలో అత్యంత వివరమైన జవాబు ఇదే.

బేబీ హల్దార్‌ను కూడా ఇక్కడే చెప్పాలి. పన్నెండేళ్ళకే పెళ్ళై, ముగ్గురు పిల్లలతో భర్తను వదిలి రైలెక్కి, గుర్‌గావ్‌లో ఇళ్ళలో పనికి కుదిరిన ఆమెకు, ఒక ఇంటి యజమాని, ప్రేమ్‌చంద్ మనవడైన ప్రబోధ్ కుమార్, నోటు పుస్తకమూ పెన్నూ ఇచ్చి రాయమన్నాడు. ఆమె బెంగాలీలో రాసింది, ఆయన హిందీ చేశాడు, 'ఆలో ఆంధారి'గా 2002లో వచ్చింది, ఊర్వశీ బుటాలియా ఇంగ్లీషు అనువాదం 2006లో వచ్చింది. భరించలేని ఘట్టాలు వచ్చినప్పుడు ఆమె 'నేను' అనడం మాని 'బేబీ' అని తనను తానే మూడో మనిషిగా చెప్పుకుంటుంది. తన కథలో తానే పక్క పాత్రగా నిలబడి చూసుకోవడం ఏ రచనా పాఠశాలా నేర్పలేదు. 2025లో అరుంధతీ రాయ్ రాసిన 'మదర్ మేరీ కమ్స్ టు మీ' అందరికీ తెలిసిన రచయిత్రి పుస్తకమే అయినా, దాని మధ్యలో కూర్చున్నది తల్లి మేరీ రాయ్: 1986లో సుప్రీంకోర్టులో కేరళ సిరియన్ క్రైస్తవ స్త్రీలకు ఆస్తి హక్కు గెలిచిన మనిషి, కూతురిని గాయపరిచిన మనిషి కూడా. ఆ రెండిట్లో దేన్నీ తగ్గించి చెప్పకపోవడం కష్టమైన పని.

విజేతల కథలు పిల్లలకు స్ఫూర్తినిస్తాయి గదా, వాటిని ఎందుకు తక్కువ చేస్తావని మిత్రులు అడుగుతారు. స్ఫూర్తి మంచిదే. కానీ ఒంటరిగా కష్టపడితే గెలుస్తాననుకునే పిల్లవాడు, గెలవనప్పుడు తప్పంతా తనదేననుకుంటాడు. కోచింగు హాస్టళ్ళున్న మన ఊళ్ళల్లో ఈ మాట నేను విడమర్చి చెప్పనక్కర్లేదు. ఇంకొందరు దీనికి ఎదురు దిశ నుంచి వస్తారు: బాధల పుస్తకాలకూ ఇప్పుడు మార్కెట్ ఏర్పడింది, విదేశీ ప్రచురణకర్తలకు మన కన్నీళ్ళు కావాలి అంటారు. కొంతవరకు ఒప్పుకుంటాను. బాధను కూడా ఆ పాత మూసలోనే పోసి, బాధితుణ్ణి ఒంటరి వీరుణ్ణి చేసే పుస్తకాలు రావడం మొదలైంది, వాటిని నేను అదే కొలతతో కొలుస్తాను. గిడ్ల సుజాత పుస్తకం ఆ మూసలో ఇమడదు, ఎందుకంటే అందులో వీరుడు కూడా ఇంట్లోవాళ్ళకు జవాబుదారీ.

'నిర్జన వారధి' గురించి ఒక పెద్దాయన నాతో వాదించారు. సీతారామయ్య 2002లోనే పోయారు గదా, ఆయన జవాబు చెప్పుకునే వీలు లేని సమయంలో పదేళ్ళ తర్వాత ఇలా రాయడం సబబేనా అని. పక్కవాళ్ళ వైపు నుంచి ఆలోచించమనే నాకు ఆ ప్రశ్నను కొట్టిపారేసే హక్కు లేదు. ఆయన వైపు నుంచి కూడా ఆ పుస్తకాన్ని మళ్ళీ చదివాను. ఆమె ఆయన మీద మోపిన నేరాల పట్టిక ఏదీ అందులో నాకు కనబడలేదు. తనకు జరిగినవి, తాను చూసినవి, తాను చేసినవి ఉన్నాయి. ఆయన మాట చెప్పుకోవడానికి బతికి ఉన్నన్నాళ్ళూ ఒక పార్టీ ఉంది, పత్రికలున్నాయి, కోర్టు బోను కూడా ఉంది. ఆమె మాట్లాడిన ఈ ఒక్క పుస్తకంలో ఆయనకు ఆమె ఇచ్చిన చోటు, ఆయన చరిత్ర రాసినవాళ్ళు ఆమెకు ఇచ్చిన చోటు కంటే చాలా పెద్దది. ఆ మాటే ఆ పెద్దాయనతో అన్నాను. ఆయన ఒప్పుకోలేదు గాని, పుస్తకం మాత్రం చదవడానికి తీసుకెళ్ళారు.